లెస్ నుస్కే రాతి మీది నాలుగు పాదాలు

సమాధిరాళ్ళు చదవడం నాకు పాత జబ్బు. ఏ ఊళ్ళో దిగినా ముందు టీ కొట్టు, తరవాత స్మశానం. ఓడరేవుల్లో చదివాను, గనుల ఊళ్ళలో చదివాను, మనుషులే మిగలని ఊళ్ళలో కూడా చదివాను. అన్నిచోట్లా ఒకటే పాట. ప్రేమగల భర్త, పరిశుద్ధురాలైన భార్య, అందరికీ ఆప్తుడు. ఆ రాళ్ళను నమ్మితే ఈ భూమ్మీద చెడ్డవాడెవడూ ఇంతవరకు చావలేదు. నేను చదివిన వేల రాళ్ళలో నిజం చెప్పినవి రెండే. ఆ రెండూ విమ్మెరా అనే జిల్లాలో, గోధుమ పొలాల మధ్య, ఒక చిన్న లూథరన్ చర్చి వెనక, ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. మొదటిది రాసింది వెర్నా నుస్కే.

నేను ఆ జిల్లాలో గొర్రెల బొచ్చు కత్తిరించే షెడ్లలో వంటవాడిగా పదకొండేళ్ళు పనిచేశాను. వెర్నా పొలం ఊరికి నాలుగు మైళ్ళు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. కోళ్ళు, గులాబీలు, చర్చి హాల్లో టీ కెటిలు ఆమె రాజ్యం. ఇవి చాలవన్నట్టు కవిత్వం. ఊళ్ళో ఎవరు పోయినా జిల్లా పత్రికలో జ్ఞాపక ప్రకటన కింద నాలుగు పాదాలు వెర్నావే ఉండేవి. ఆ పాదాల్లో పరలోకపు ద్వారాలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి, దూతలు ఎప్పుడూ చేతులు చాచే ఉంటారు. చెవి మాత్రం గట్టిది. మన పద్యంలో యతి తప్పితే పెద్దవాళ్ళ మొహం ఎలా ముడుచుకునేదో, ప్రాస తప్పితే ఆమె మొహం అలా ముడుచుకునేది. నాకా కవిత్వం నచ్చేది కాదు. బెల్లం పాకంలో పడ్డ ఈగలా కొట్టుకునేవాణ్ణి చదువుతుంటే.

నచ్చని ఇంకొకడు ఆల్విన్ పోల్నర్. నుస్కేల పక్క పొలం అతనిది. సంఘపెద్ద, సమాధుల తోట పెత్తనం అతనిది. నెలకొక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి హాల్లో కవిత్వం చదివించేవాడు. ముందు వలసొచ్చిన తాతల నాటి జర్మన్ పుస్తకంలోంచి ఒక పాత భక్తి పద్యం, తరవాత సంఘంలోవాళ్ళు రాసిందొకటి. పాతదాన్ని మాట మాటా విప్పి చూపించేవాడు. ఈ పాదంలో ఎక్కడ మోకరించాడు, ఎక్కడ తలెత్తాడు అని. నేను ఎక్కడెక్కడో పెద్ద చదువుల వాళ్ళ ఉపన్యాసాలు విన్నాను. పద్యాన్ని అంత బాగా చదివినవాణ్ణి చూడలేదు. మనిషిగా మాత్రం అతన్ని భరించడం కష్టం. కొత్త పద్యాన్ని కోడి ఈకలు పీకినట్టు పీకేవాడు. అతని కొలబద్ద ఒకటే: "ఇది దేవుడి మొహం మీద చెప్పగలవా? చెప్పలేకపోతే కాగితం దండగ."

ఇద్దరూ ఒకే బళ్ళో చదివారు. అప్పటినుంచీ పడదు.

ఆ సంఘంలో ఒక నియమం ఉంది. సమాధిరాతి మీద బైబిలు వాక్యమో, పాటల పుస్తకంలోని చరణమో చెక్కించుకుంటే ఎవరూ అడగరు. సొంతంగా రాసింది చెక్కాలంటే రాసినవాళ్ళే హాల్లో అందరి ముందూ చదవాలి. ఎవరైనా మాట్లాడొచ్చు. చివర సమాధుల తోట పెద్ద సరేనంటేనే రాయి లోపలికొస్తుంది.

ఎనభై రెండులో కరువొచ్చింది. పొలాల్లో నీటి గుంటలు పగిలిన పెంకుల్లా ఎండిపోయాయి. గొర్రెల్ని సంతకు తోలితే కొనేవాడు లేడు, ఇంట్లో ఉంచితే మేత లేదు. ప్రతి పొలంలోనూ యంత్రంతో పొడుగాటి గోతులు తీశారు. గొర్రెల్ని వాటి అంచుకు తోలి తుపాకీతో కాల్చి పూడ్చేశారు. వెర్నా మొగుడు లెస్ కూడా అలాగే చేశాడు. లెస్ మెత్తని మనిషేం కాదు. కుక్కల్ని తన్నేవాడు, కోపమొస్తే తలుపులు పగిలేవి. ఆ రోజు తరవాత మాత్రం నోరు పెగల్లేదు. ఆరు వారాలకి గాలిమర కింద గుండె ఆగి పడిపోయాడు.

వెర్నాకి ఇక ఒకటే పట్టుదల. ఊరందరి చావులకీ రాసింది, సొంత మొగుడి రాతి మీద పుస్తకంలో మాట అరువు తెచ్చుకోనంది. నవంబరులో ఒక ఆదివారం హాల్లో నిలబడి చదివింది. నా తెలుగులో ఆమె ప్రాస నిలబడలేదు గాని, మాటలివే.

*మెత్తని చేతుల మంచి కాపరి
మందను విడిచి ఇట నిదురించె;
తప్పిన పిల్లను మోసిన భుజమా,
తండ్రి ఒడిలో నీకిక విశ్రాంతి.*

ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. కుర్రాడైన పాస్టరు వీస్ "ఆమేన్" అన్నాడు. ఆల్విన్ కేకు ముక్క పళ్ళెంలో పెట్టి లేచాడు.

"ఎవరమ్మా వెర్నా ఈ కాపరి?"

"ఎవరేంటి? మా ఆయన."

"లెసా? మెత్తని చేతులా? ఆ చేతులు నాకు తెలీదనుకున్నావా? బళ్ళో నా పన్ను ఊడగొట్టిన చేతులవి."

ఒకరిద్దరు నవ్వారు. ఆల్విన్ నవ్వలేదు.

"మందను విడిచి నిదురించాడా? మంద గోతిలో ఉంది కదా. తనే కాల్చాడు. కాల్చినవాణ్ణి మంచి కాపరి అని ప్రభువు పేరుతో పిలుస్తావా? అక్కడికెళ్ళి ప్రభువు ముందు నిలబడ్డప్పుడు, ఈ రాయి చదివి వినిపిస్తే, పాపం లెస్ తలెక్కడ పెట్టుకోవాలి?"

ఆ కరువులో గోతులు తియ్యనివాళ్ళు అక్కడెవరూ లేరు.

వెర్నా మొహం పాలిపోయింది. "నువ్వు మాట్లాడతావా ఆల్విన్? ఆ గోతుల గురించి... నువ్వు?" అని ఆగిపోయింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. "కప్పులిటు తెండి, కడగాలి" అంది.

ఆమె మింగిన మాటేమిటో ఊళ్ళో అందరికీ తెలుసు. ఆల్విన్ గొర్రెల్ని కూడా కాల్చింది లెసే. ఆల్విన్ తుపాకీ పట్టుకున్నాడు, ఎత్తాడు, దించాడు, వాంతి చేసుకున్నాడు. లెస్ కంచె దాటి వచ్చి తుపాకీ లాక్కుని, "లోపలికి పోయి తలుపేసుకో" అన్నాడట. తన మంద పొద్దున, పక్కవాడి మంద మధ్యాహ్నం. అది తెలిసీ ఆల్విన్ అలా మాట్లాడాడంటే, ఆ రోజు నాకతన్ని ఆ హాల్లోంచి మెడపట్టి గెంటాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

మూడు నెలలు వెర్నా చర్చికొచ్చింది, టీ పోసింది, ఆల్విన్ కప్పు మాత్రం నింపలేదు. అతను తనే లేచి పోసుకునేవాడు. ఒకసారి వెర్నా ఇంటికి గుడ్లకోసం వెళితే వంటగది బల్ల నిండా రాసి కొట్టేసిన కాగితాలు.

"ఏం రాస్తున్నావమ్మా?" అన్నాను.

"రాయట్లేదయ్యా, పీకుతున్నాను. ముప్పై ఏళ్ళ చక్కెర. ఆ ఆల్విన్‌ గాడు చెప్పింది నిజమని తెలిశాక నిద్రపట్టి చావట్లేదు. నిజం చెప్పినందుకు వాణ్ణి ఎప్పటికీ క్షమించను, రాసిపెట్టుకో."

ఫిబ్రవరిలో మళ్ళీ నిలబడింది. ఈసారి చదివిన గొంతు జ్ఞాపక ప్రకటనల గొంతు కాదు.

*తన మందా, పొరుగువాడి మందా ఒక్క పగటిలో కాల్చి
ఇంటికొచ్చి బల్ల ముందు కూర్చుని ఏమీ తినలేదు.
మందను కాస్తానన్నవాడా, ఆ రోజు నువ్వెక్కడున్నావు?
ఇతణ్ణి లెక్క అడిగే ముందు ఇతనికి జవాబు చెప్పు.*

ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. ఎవరి పళ్ళెంలోకి వాళ్ళు చూసుకున్నారు.

పాస్టరు మెల్లిగా లేచాడు. "వెర్నా గారూ, మీ బాధ నాకర్థమవుతుంది. కానీ చివరి రెండు పాదాలు... దేవుణ్ణి నిలదీసే మాటలు సమాధి మీదా? పిల్లలు చదువుతారు."

"చదవనివ్వండి. పిల్లలు గోతులు చూశారు" అంది వెర్నా.

ఆల్విన్ లేచాడు.

"పాస్టరు గారూ, పోయిన నెల మనం చదివిన పాత పాట గుర్తుందా? ఇద్దరు పిల్లల్ని తెగులులో పూడ్చిపెట్టినవాడు రాసింది?"

"ఉంది."

"అందులో మూడో చరణం ఏమిటి? ఎందుకు మొహం తిప్పుకున్నావు అని కదా దేవుణ్ణే అడిగాడు. మీరు కళ్ళు మూసుకుని విన్నారు. మూడొందల ఏళ్ళనాటివాడు అడిగితే భక్తి, కోళ్ళు పెంచుకునే వెర్నా అడిగితే దూషణా? అడుగుతోందంటే ఆయన వింటున్నాడని నమ్ముతోందనేగా. నమ్మనివాళ్ళు ఎవర్నీ అడగరు."

పాస్టరు కూర్చున్నాడు. ఆల్విన్ వెర్నా వైపు తిరిగాడు.

"ప్రాస వదిలేశావు. రెండో పాదం కుంటుతోంది."

"కుంటనీ. ఆ పూట మా ఇంట్లో అందరం అలాగే నడిచాం."

"సరే. కానీ ఒక్క మాట అబద్ధం."

"ఏదీ?"

"పొరుగువాడు. పొరుగువాడంటే ఎవడు? నీకు తూర్పున ఒకడున్నాడు, పడమర ఒకడున్నాడు. అది దాక్కునే మాట. పేరుంది కదా, పేరు పెట్టు. పోల్నర్ మందా అని రాయి."

వెర్నా నవ్వింది, మంచి నవ్వు కాదు.

"ఓహో. నీ పాపం నా మొగుడి రాతి మీద ఒప్పుకుంటావా? ఖర్చు లేకుండా? చచ్చినా పెట్టను. అంత ఒప్పుకోవాలనుంటే నీ రాయి నువ్వు తెచ్చుకో. లెస్ రాతి మీద నీకు చోటు లేదు ఆల్విన్."

ఆల్విన్ అందరి వైపూ తిరిగి, "కవిత్వం అంతంతమాత్రం. అబద్ధం కాదు. చెక్కించండి" అని టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

రాయి ఈస్టరుకి నిలబెట్టారు. సమాధుల తోటలో గడ్డి కోసేది ఆల్వినే కాబట్టి, నెలకి రెండుసార్లు దాని చుట్టూ యంత్రం తిప్పుతూ ఆ మొదటి పాదం ముందునుంచి వెళ్ళేవాడు. దారిలో ఎదురైతే వెర్నా అవతలి పక్కకి నడిచేది. ఆదివారం కవిత్వం మాత్రం ఇద్దరూ మానలేదు. ఆమె కొత్తవి చదివేది, అతను ఈకలు పీకేవాడు. ఆ తరవాత ఆమె పద్యాల్లో దూతలెవరూ కనపడలేదు. దేవుడు కనపడేవాడు, తరచుగా కోర్టులో సాక్షిలాగా.

ఏడేళ్ళకి ఆల్విన్ ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. పెళ్ళాం పిల్లలు లేరు. పెద్దల పేర ఒక కవరు వదిలాడు. రాతి మీద పేరూ, తేదీలూ, కింద ఒక్క మాట: *ఆ పొరుగువాణ్ణి నేనే.*

సొంత మాట కాబట్టి నియమం ప్రకారం హాల్లో చదవాలి. రాసినవాడు లేడు గనక పాస్టరు వీస్ చదివాడు. తోట పెత్తనానికి కొత్త పెద్ద ఇంకా లేడు. పాస్టరు వెర్నా వైపు చూశాడు. అందరూ అటే చూశారు.

వెర్నా కెటిలు కింద పెట్టింది. చేతులు ఏప్రనుకు తుడుచుకుంది.

"కవిత్వం కాదు" అంది. "అబద్ధమూ కాదు. చెక్కించండి."

పాస్టరు తలూపాడు.

"కానీ లెస్ పక్కన వద్దు. వెనక వరసలో పెట్టండి. లెస్ రాయి ఎప్పుడూ వాడి కళ్ళ ముందుండాలి."