నీ ఇష్టం అన్నయ్యా

ఆ రోజు రేపల్లెలో నా టైలరింగ్ షాపులో మిషన్ ముందు నుంచి లేస్తే చెప్పులు పట్టలేదు. పాదాలు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. ఆ గుంట నేను పాతికేళ్ళ క్రితం మా అన్నయ్య కాళ్ళ మీద చూశాను. భయపడి నెల రోజులు ఎవరికీ చెప్పలేదు.

చివరికి మా ఆవిడే తెనాలి లాక్కెళ్ళింది. బ్లడ్ టెస్టు, స్కానింగ్ అయ్యాక డాక్టరుగారు, "క్రియాటినిన్ బాగా పెరిగిందండి. కిడ్నీలు రెండూ చిన్నవైపోయాయి. డయాలసిస్ తప్పదు" అన్నారు.

అన్నయ్యకూ ఇదే చెప్పారు. అప్పట్లో దానికి హైదరాబాదు వెళ్ళాలి. మూడుసార్లు వెళ్ళాడు. నాలుగోసారి స్టేషన్లో, రైలు ఎదురుగా ఉండగా, "ఇంక వద్దురా తమ్ముడూ, ఇంటికి పోదాం" అన్నాడు. "నీ ఇష్టం అన్నయ్యా" అన్నాను. బతిమాలలేదు. తిరిగి తిరిగి విసిగిపోయి ఉన్నాను, లోలోపల హాయిగా కూడా అనిపించింది. పదకొండు రోజులు బతికాడు.

తరవాత ఆరోగ్య కార్డులొచ్చాయి, 108 వచ్చింది, దగ్గర ఊళ్ళలోకే డయాలసిస్ మిషన్లొచ్చాయి. అందరూ మెచ్చుకునేవారు. నేను లేచి పక్కకి వెళ్ళిపోయేవాణ్ణి.

కార్డు మీద నాకు బాపట్లలో బెడ్ దొరికింది. వారానికి మూడుసార్లు. అయిపోగానే ఎవరికీ చెప్పకుండా వచ్చేసేవాణ్ణి. ఆసుపత్రిలో 'వెళ్ళొస్తాను' అనకూడదని, అంటే మళ్ళీ రావలసి వస్తుందని మా అమ్మ నేర్పింది.

రెండో నెలలో, ఒంట్లో తేలిగ్గా ఉంది కదా అని, పెళ్ళిబట్టల పని పెట్టుకుని రెండుసార్లు మానేశాను. పడుకుంటే ఊపిరాడలేదు. 108లో బాపట్ల తీసుకెళ్తుంటే దారిలో "ఇంక వద్దే, ఇంటికి పోదాం" అన్నాను. అన్నది నేనేనా అనిపించింది.

మా ఆవిడ నీ ఇష్టం అనలేదు. "నోరు మూసుకుని కూర్చోండి" అంది.

"లంగ్స్‌లో నీరు చేరింది. ఇంకెప్పుడూ మానకండి" అన్నారు డాక్టరుగారు. ఇంటికి బయల్దేరుతుంటే నర్సమ్మ, "ఎప్పుడూ చెప్పకుండా పోతారేంటి బాబాయ్?" అంది. అమ్మ మాట చెప్పాను. "అది జ్వరాలొచ్చినోళ్ళకి బాబాయ్. మీరు రాకపోతేనే మాకు భయం" అంది.

రెండేళ్ళయింది. ఇప్పుడు గుమ్మం దాటుతూ "వెళ్ళొస్తానమ్మా" అంటాను. రైలు కూత వింటే మాత్రం ఇప్పటికీ చేతిలో కత్తెర ఆగిపోతుంది.

తోడు వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. మీ మనిషి "ఇంక వద్దు" అంటే "నీ ఇష్టం" అనకండి. చెయ్యి పట్టుకుని ఆ పూటకి రైలెక్కించండి.