మూత పెట్టిన ఇరవై నిమిషాలు

ఒనెలియా ఏడో నెలలోనే పుట్టిందట. డెబ్బై ఏళ్లొచ్చినా ఆ తొందర తగ్గలేదు. కుట్టుపని కేంద్రంలో ముప్పై ఏళ్లు చొక్కాలకు గుండీలు కుట్టింది. తన వాటా అందరికంటే ముందే ముగించి, పక్కవాళ్ల చొక్కాలు లాక్కుని కుట్టేది. బయామో ఊళ్లో మా రెండిళ్లకీ మధ్య గోడ ఒక్కటే. ఆమె ఇంట్లో పది నిమిషాలు ఒకచోట కూర్చోగా నేనెన్నడూ చూడలేదు.

అలాంటి మనిషికి దేవుడు కొంగ్రీ వండే చేయిచ్చాడు. ఎర్ర చిక్కుడుగింజలూ బియ్యమూ కలిపి వండే ఆ అన్నానికి కావలసిందల్లా ఓపిక. గింజలు రాత్రంతా నానాలి, మెత్తబడేదాకా ఉడకాలి. ఆ ఎర్రనీళ్లలోనే బియ్యం పోసి మూత పెట్టాక ఇక ముట్టుకోకూడదు. మధ్యలో తీస్తే పైన పలుకు, కింద ముద్ద. అందుకే ఒనెలియా మూత పెట్టగానే వీధిలోకి పారిపోయేది. ఇంట్లో ఉంటే తన చేయి ఊరుకోదని ఆమెకే తెలుసు.

ఆ ఆదివారం పారిపోవడానికి లేదు. తొమ్మిదేళ్ల తర్వాత అక్క మిగ్దాలియా భోజనానికి వస్తానంది.

అక్కాచెల్లెళ్ల గొడవంతా వాళ్లమ్మ వండే అల్యూమినియం గిన్నె గురించి. తల్లి పోయాక తొమ్మిది రోజుల ప్రార్థనలు ముగియకుండానే, ఐదో రోజున ఒనెలియా ఆ గిన్నె చంకన పెట్టుకుని వచ్చేసింది. "తొమ్మిది రోజులు ఆగలేకపోయావా?" అని అడిగింది అక్క. ఈమె కారణం చెప్పకుండానే గడప దాటింది. అప్పట్నుంచి ఊరికి ఆ కొసన ఆమె, ఈ కొసన ఈమె.

కరెంటు పదిన్నరకి పోతుందన్నారు. తొమ్మిదింబావుకే పోయింది, దాంతో కరెంటు పొయ్యీ ఆగింది. ఒనెలియా గోడ మీంచి తల పెట్టింది.

"ఏమే, బొగ్గులున్నాయా?"

"ఉన్నాయిలే. ఏడవకు."

"ఏడవట్లేదు, ఉల్లిపాయ కోస్తున్నా. ఆవిడొచ్చేసరికి అన్నం కాకపోతే గుమ్మంలోంచే వెనక్కి పోతుందే."

"వచ్చేది పన్నెండింటికి కదా."

"చెప్పిన టైముకే వస్తుంది. అదే ఆవిడ రోగం."

ఆమె పెరట్లో కుంపటి నేనే రాజేశాను. గింజలు మెత్తబడేసరికి పదకొండున్నర. పంది కొవ్వులో వెల్లుల్లి, ఉల్లి, జీలకర్ర వేయించి, బియ్యం, గింజలు, ఎర్రనీళ్లు పోసి మూత పెట్టేసరికి పావు తక్కువ పన్నెండు. అక్కణ్నుంచి ఒనెలియా కాలు కాలిన పిల్లిలా తిరగడం మొదలెట్టింది. ఉన్న రెండు కుర్చీలూ మూడుసార్లు తుడిచింది. మూత మీద చేయి వేయబోతే నేను గరిటెతో ఒకటిచ్చాను.

సరిగ్గా పన్నెండింటికి మిగ్దాలియా గుర్రబ్బండి దిగింది. ఒనెలియా కుంపటి పక్కకి కుర్చీ లాగింది.

"ఇంకో ఇరవై నిమిషాలక్కా. కరెంటు పోయింది. కూర్చో. పోకక్కా."

అంటూనే మూత వైపు వంగింది. అక్క ఆ మణికట్టు పట్టుకుంది.

"ముట్టుకోకు."

"ఒక్కసారి చూస్తా."

"కూర్చోవే."

కూర్చుంది. అక్క చేయి వదల్లేదు. కుంపటి పక్కనే ఇద్దరూ ఆ గిన్నెనే చూస్తూ కూర్చున్నారు. ఒనెలియా మోకాలు మాత్రం ఊపుతూనే ఉంది. గిన్నె మీంచి చూపు తిప్పకుండానే అంది.

"అమ్మ లేని ఇంట్లో ఆ గిన్నె బోర్లించి ఉంటే చూడలేకపోయానక్కా. అందుకే ఎత్తుకొచ్చా."

మిగ్దాలియా ఆ మణికట్టు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"అన్నిటికీ ముందు పరిగెడతావే. ఈ ఒక్క ముక్క చెప్పడానికి తొమ్మిదేళ్లు పట్టిందా?"

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. పొగ మీద తోసేశాను.

అన్నం ఏ మెతుకుకా మెతుకు విడివిడిగా వచ్చింది. గిన్నె అడుగున పట్టిన మాడుచెక్క చిన్నప్పట్నుంచీ మిగ్దాలియా వాటా. గీరి గీరి తింది. వెళ్తూ గిన్నె అడిగి తీసుకుంది.

"వచ్చే ఆదివారం నేను వండుతా. పన్నెండింటికి రా. ముందు రాకు."

ఆదివారం ఏడింటికే ఒనెలియా నన్ను బలవంతాన బండెక్కించింది. ఎనిమిదికల్లా అక్క గుమ్మంలో ఉన్నాం. తలుపు బార్లా తీసి ఉంది. బల్ల మీద రెండు కప్పుల్లో కాఫీ అప్పటికే పోసి ఉంది. నా కోసం మూడో కప్పు వెతకాల్సి వచ్చింది.