ఇరవై రెండు మిల్లీమీటర్ల రంధ్రం

జపాను సముద్రపు ఒడ్డునున్న మా సాంకేతిక కళాశాల వర్క్‌షాపులో మురోయి తోకియె గారు లోహాన్ని తిప్పి కోసే లేతు ముందు నిలబడడం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్ళు. అంతకుముందు ఊళ్ళోని లోహపు అచ్చులు తయారుచేసే కర్మాగారంలో పనిచేసేవారు. అది మూతపడ్డాక ఇక్కడికి వచ్చారు. వచ్చే మార్చి ఆఖరున ఆమె పదవీ విరమణ. ఆ స్థానంలో మరెవరినీ తీసుకోరని, రోబోల పోటీకి కావలసిన భాగాలను విద్యార్థులు బయటి కంపెనీకి డ్రాయింగు పంపి చేయించుకోవాలని కార్యాలయం ఏప్రిల్లోనే తేల్చి చెప్పింది.

ఆ నెలాఖరుకు ఈ ఏటి పోటీ అంశం ప్రకటించారు. యంత్రం చెయ్యి చాచి, ఎత్తున ఉన్న గూళ్ళలో ఏడు బంతులు పెట్టాలి. కదిలే యంత్రాన్ని చిత్రీకరించి జూన్ ఇరవైలోగా పంపితేనే తొలి వడపోతలో నిలిచేది.

జట్టు నాయకురాలు హయసె నాలుగో ఏటి విద్యార్థిని. ఎప్పటిలాగే సీనియర్ల ఫైలులోంచి భుజం కీలు డ్రాయింగును ఎత్తి రాసి, మే మూడో వారంలో మురోయి గారికి ఇచ్చింది. మర్నాడు భాగం చేతికి వచ్చింది. అందులో పెట్టిన బేరింగు జారి బల్ల మీద పడింది.

"ఇదేంటి మురోయి గారూ, ఇంత వదులా? చెయ్యంతా ఊగిపోతుంది!"

"ఎంతని రాశావు?"

"ఇరవై రెండు."

"కొలువు."

పక్కనున్న జట్టువాడు ఒగురి కొలిచాడు. "ఇరవై రెండు పాయింటు ఒకటి రెండు."

"బయటివాళ్ళ లెక్కలో అదీ ఇరవై రెండే. ఎంత తేడా కుదరదో నువ్వు రాయలేదు. రాయకపోతే ఇంతవరకూ ఒప్పుకున్నట్టే."

"మా సీనియర్లూ ఇదే కాగితం ఇచ్చారు కదా! వాళ్ళకి బిగుతుగా ఎలా వచ్చింది?"

"నేను బిగుతుగా కోశాను కనక."

ఒగురి పకాలున నవ్వాడు. "అయితే మావాళ్ళు డ్రాయింగులు గీయలేదన్నమాట. మీకు ఉత్తరాలు రాశారు!"

హయసెకి నవ్వు రాలేదు. "గడువు నెల కూడా లేదు. ఈ ఒక్క ఏడాదీ మామూలుగా చేసిపెట్టండి. ప్రయోగం మా మీదేనా?"

"నాకున్నది ఈ ఒక్క ఏడాదే" అన్నారు మురోయి గారు.

హయసె జట్టు సలహాదారునైన నా దగ్గరికి వచ్చి ఫిర్యాదు చేసింది. నిజానికి నా మొగ్గు ఆ పిల్ల వైపే. అడుగుదామని వెళితే, మురోయి గారు ఇరవై ఆరేళ్ళ ఫైళ్ళను బల్ల మీద పేర్చి ఉంచారు. "వీటిలో ఒక్కటీ నిజం కాదు, మాస్టారూ. వీటిని చూసి బయట ఎవరు చేసినా యంత్రం నిలబడదు. తప్పు నాది" అన్నారు. కాగితం మీద ఏముందో కాక, గీసినవాడి మనసులో ఏముందో చదివి కోయడం ఆమె అలవాటు. దాన్ని నేను ఇన్నాళ్ళూ నైపుణ్యమనే అనుకున్నాను. ఎదుటివాడి కొరతను వాడి కంట పడకుండా పూడ్చే దయ, వాడి నుంచి ఏదో ఒకటి తీసేసుకుంటుంది. ఆ మాట హయసెతో అనలేదు. ఫైళ్ళ సంగతి మాత్రం చెప్పాను.

కొత్త యంత్రం కట్టే ముందు పాత యంత్రానికి వంగి నమస్కరించి, విప్పి, మోటార్లు ఉంచుకుని తక్కినది తుక్కులో వేయడం మా పిల్లల ఆనవాయితీ. ఈసారి నమస్కారమయ్యాక హయసె తుక్కు డబ్బాను పక్కకు జరిపించింది. విప్పిన ప్రతి ముక్కనూ కొలిచి, పాత డ్రాయింగు పక్కన అసలు కొలత రాయాలంది.

"శవపరీక్ష చేస్తున్నట్టుందే" అన్నాడు ఒగురి.

"నోరు మూసుకుని ఆ యంత్రం కాలు పట్టుకో."

మురోయి గారు సన్నపు తేడాలు కొలిచే మైక్రోమీటరును పట్టుకోవడం ఒక్కటే నేర్పారు. "బిగించకు. తగిలితే చాలు." తొమ్మిది రోజులు పట్టింది. అప్పటిదాకా ఎవరికీ తెలియని, మిల్లీమీటరులో వందో వంతుల తేడాలు ఎనభై చోట్ల బయటపడ్డాయి.

జూన్ ఆరున హయసె కొత్త డ్రాయింగు తెచ్చింది. రంధ్రం పక్కన ఎంత తక్కువ దాకా పోవచ్చో, ఎంత ఎక్కువ కాకూడదో రాసి ఉంది. మురోయి గారు చాలాసేపు చూశారు. ఆమె చెయ్యి చెవి మీది పెన్సిల్ దాకా వెళ్ళింది; ఏమీ దిద్దకుండా దాన్ని తీసి జేబులో పెట్టుకున్నారు.

"సరిగ్గా ఉందా?"

"నన్నడగకు. బయటికి పంపు."

"మళ్ళీ వదులుగా వస్తే ఇక టైమే లేదండీ!"

"లేదు" అని ఒప్పుకున్నారామె.

పద్నాలుగో తేదీ మధ్యాహ్నం పార్సెలు వచ్చింది. హయసె చెక్కముక్క అడ్డుపెట్టి, చిన్న సుత్తితో బేరింగును రెండు దెబ్బలు కొట్టింది. తలకిందులు చేసి దులిపింది. పడలేదు. వేలితో తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది.

"అయితే మీతో పనైపోయిందన్నమాట, మురోయి గారూ!" అన్నాడు ఒగురి. హయసె వాడి కాలు గట్టిగా తొక్కింది.

"అయిపోవాలనే కదా" అన్నారు మురోయి గారు. "మోచేతి డ్రాయింగేదీ? ఇక టైము లేదు, అది రాసింది రాసినట్టే నేను కోస్తాను."

"ఇంకా గీయలేదండీ."

"మరి ఇక్కడేం చేస్తున్నారు?"