ఆవులక్క అవతలి వీధికి పోయిన రోజు

పోయిన మంగళవారం పొద్దున జమ్మలమడుగు నుంచి మా పాత కాంపౌండరు ఫోన్ చేశాడు. "సారూ, ఆవులక్క పోయినాది. పాలు పిండుకోని వచ్చి మంచమ్మీద ఒరిగినాదంట. అంతే" అన్నాడు. ఎనభై దాటిన మనిషి. ఆఖరి రోజు కూడా పాలు పిండిందని వినగానే, దుఃఖం కంటే ముందు నాకు ఏదో గర్వం కలిగింది. ప్రొద్దుటూరులో బస్సెక్కి నేను ఆమె ఊరు చేరేసరికి అక్కడి రెండు వీధులవాళ్లూ ఆమె వాకిట్లో ఒకే షామియానా కింద కూర్చుని ఉన్నారు. కొత్తవాళ్లకు అందులో విశేషమేమీ కనిపించదు. నాకు తెలుసు కాబట్టి ఇది రాస్తున్నాను.

పశువుల డాక్టరుగా నా మొదటి ఉద్యోగం ఆ ప్రాంతంలోనే. నేను కృష్ణా జిల్లావాణ్ని. అక్కడి యాస నాకు అర్థమయ్యేది కాదు, నా మాటకు వాళ్లకు నవ్వొచ్చేది. ఊరు గండికోటకు పోయే దారిలో ఉంటుంది. పై వీధి ఒక పార్టీ, కింది వీధి ఇంకో పార్టీ. ఎన్నికకొకసారి పార్టీలు మారేవిగానీ పగలు మారేవి కావు. ఒక వీధి మనిషి రెండో వీధిలో అడుగు పెట్టేవాడు కాదు. కింది వీధిలో ఉండే ఆవులక్క భర్త ఆ గొడవల్లోనే చనిపోయాడు. చేయించింది పై వీధి పెద్దాయనేనని కింది వీధి అంతా నమ్మేది. కేసు నిలవలేదు. ఆమె మాత్రం భర్త వదిలిపోయిన రెండు ఆవులను పదకొండు చేసింది. జమ్మలమడుగులో పిల్లల హాస్టలుకు పాలు పోసేది. తెల్లారగానే ఒక్కో ఆవు ముట్టె మీద చేతి వెనకవైపు ఆనించి జ్వరముందేమో చూసేది. అన్నీ చూశాకే తన ముఖం కడుక్కునేది. నన్ను "సూదిసారు" అని పిలిచేది.

ఒక ఎండాకాలం ఆమె ఆవుల్లో మంచి పాడి ఆవు దగ్గడం మొదలుపెట్టింది. మేత తింటూనే చిక్కిపోయింది. నేనిచ్చిన మందులేవీ పనిచేయలేదు. క్షయ అనే అనుమానంతో పదకొండింటికీ పరీక్ష చేశాను. మెడ మీద కొంచెం వెంట్రుకలు గొరిగి, చర్మంలోకి సన్నటి సూది వేసి, మూడో రోజు అక్కడ ఎంత వాచిందో కొలిచి చూడాలి. మూడో రోజు నాలుగు ఆవులకు వాపు చేతికే తెలిసింది. కొలవడం లాంఛనమే.

"మనుషులకూ అంటుకుంటాదా సారూ?" అని అడిగింది ఆమె.

కాచని పాలతో రావచ్చని, మూసిన కొట్టంలో దగ్గు వల్ల కూడా రావచ్చని, బాగా కాచిన పాలతో భయం లేదని చెప్పాను. ఆమె ఆ పూట పిండిన పాలు తీసుకెళ్లి పెరటి గుంతలో పోసింది. మధ్యాహ్నం బస్సుకు జమ్మలమడుగు వెళ్లి, రేపటి నుంచి పాలు రావని, ఇంతకుముందు ఎవరైనా పిల్లలు పచ్చిపాలు తాగి ఉంటే ఆసుపత్రిలో చూపించమని హాస్టలు వంటామెకు తానే చెప్పి వచ్చింది. వంటామె పొంగు రానిదే ఏ బిడ్డకూ పాలు పోయలేదని తెలిశాకగానీ ఆవులక్క అన్నం ముట్టలేదు.

సాయంత్రం ఆమె మరిది వచ్చాడు. కింది వీధికి అతనే పెద్ద. ఎన్నికలు దగ్గరపడ్డాయి, ఈ సంగతి బయటపడితే అవతలివాళ్లు ఊరూరా చెప్పుకుంటారు, నాలుగు ఆవుల్నీ పులివెందుల సంతకు తోలేస్తే సరిపోతుందన్నాడు. నన్ను పక్కకు పిలిచి రిజిస్టరులో ఏమీ లేదని రాయమని మర్యాదగానే అడిగాడు. ఆ మర్యాదే నన్ను భయపెట్టింది. నిజం చెప్పాలంటే, ఆ క్షణాన అట్లాగే రాసేవాణ్నేమో. అంతలో కొట్టంలో నుంచి ఆమె బయటికి వచ్చింది.

"మన కొట్టంలో రోగాన్ని ఎవరో తెలీనోళ్ల కొట్టంలోకి తోలేది, బాంబేసినట్లే గదప్పా" అంది మరిదితో. తర్వాత నా వైపు తిరిగి, "రాయి సారూ. ఉన్నదున్నట్లు రాయి" అంది.

రాశాను. ఆ తర్వాత ముప్పై ఏళ్ల ఉద్యోగంలో మరెప్పుడూ నా పెన్ను ఆగలేదు. ఆ ధైర్యం నాది కాదు, ఆమె దగ్గర తీసుకున్నదే.

కానీ అక్కడితో పని తీరలేదు. పై వీధి పశువులు కూడా వంకలో అదే మడుగు నీళ్లు తాగుతాయి. వాటికి పరీక్ష చేయకపోతే ఇక్కడ ఎంత శుభ్రం చేసినా లాభం లేదు. ఆఫీసు నుంచి కాగితం పంపిద్దామన్నాను. కాగితం పోతే రాజకీయమంటారు, మనిషే పోవాలని ఆమె అంది. మరునాడు తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, నా సూదుల పెట్టె తానే పట్టుకుని ముందు నడిచింది. వెనక నేను, కాంపౌండరు. భర్త పోయాక ఆమె ఆ వీధిలో అడుగు పెట్టడం అదే మొదటిసారి. అరుగుల మీద మాటలు ఆగిపోయాయి. మా అడుగుల చప్పుడు మాకే పెద్దగా వినిపించింది.

పెద్దాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు లేచి నిలబడ్డారు. ఆమె పెట్టె కింద పెట్టింది.

"మామా," అంది. గొడవలకు ముందు అట్లాగే పిలిచేదట. "నా ఆవులు నాలుగింటికి క్షయ పట్టింది. మీవీ మావీ ఒకే మడుగులో నీళ్లు తాగుతాండాయి. సారును తోడుకోనొచ్చినా, సూది ఏపిచ్చుకోండి. పచ్చిపాలు తాగే పిల్లోళ్లుంటే మాన్పీండి. మెడకింద గడ్డలొస్తాయంట."

వెనక నుంచి ఎవరో ఇది కింది వీధివాళ్ల కొత్త ఎత్తు అన్నారు. పెద్దాయన ఆవులక్క ముఖమే చూస్తున్నాడు. అంతలో తలుపు చాటు నుంచి ఆయన కోడలు నాలుగేళ్ల పాపను ఎత్తుకుని బయటికి వచ్చింది. మగవాళ్ల మధ్యకు ఆమె అట్లా వచ్చి ఎరగదు. పాప గడ్డం పైకెత్తి, "ఈ గడ్డలేనా అక్కా? మూడు నెలల్నుంచి పసరు పూస్తాండాం" అంది.

ఆవులక్క వేలితో మెల్లగా తడిమి చూసి, పాప చెంప నిమిరి, నా వైపు చూసింది. ఈ రోజే ప్రొద్దుటూరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని చెప్పాను.

పెద్దాయన మంచం దిగాడు. "మ్మే, లోపలికి రా. ఎండలో నిలబడొద్దు" అన్నాడు ఆవులక్కతో. నాతో, "కానియ్ సారూ, సూదులు ఎయ్" అన్నాడు.

ఆయన ఆవుల్లో మూడింటికి రోగం తేలింది. పాపకూ క్షయ అనే తేల్చారు. పాల వల్లనే వచ్చిందని అక్కడి డాక్టరు గట్టిగా చెప్పలేదుగానీ, ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు. నెలల తరబడి మందులు మింగింది. గడ్డలు కరిగిపోయాయి. ఆ పాప ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి.

రోగమున్న ఆవులకు ఊరికి దూరంగా చేలో రేకుల పాక వేశారు. కొట్టాల గోడలు పగలగొట్టి కిటికీలు పెట్టించాం. నేల గీకి, సున్నం కొట్టించి, రోగం పూర్తిగా పోయేదాకా మంచి ఆవులను కూడా బయటికి వదలకుండా అక్కడే కట్టేయించాం. ఆవులక్క రోజూ ముందు మంచి ఆవుల పని ముగించుకుని, ఆ తర్వాతే పాకకు పోయేది. పై వీధివాళ్లవీ అందులోనే ఉండేవి, వాటికీ ఆమే మేత వేసేది. పాలు పనికిరాని ఆవులకు ఇంత చాకిరీ ఎందుకని ఎవరో అంటే, "జరమొచ్చిన బిడ్డను ఇంట్లోనుంచి తరుముతామా?" అందట. మొదట దగ్గిన ఆవు, ఇంకొకటి చనిపోయాయి. ఆవులక్క లోతుగా గుంత తీయించి వాటిని పూడ్చింది.

రెండు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తే పై వీధిలో ఇంకో ఆవుకు వాచింది. నేను నీరుగారిపోయాను. ఆమె మాత్రం, "కలుపు ఒక తూరికి పోతాదా సారూ? మళ్ల తీయల్ల" అంది. మళ్లీ తీశాం.

పగలు దాంతో తీరిపోయాయని చెప్పను. ఎన్నికలు వచ్చాయి, రాళ్లు పడ్డాయి, పోలీసులు వచ్చారు. కానీ పశువుల పరీక్ష రోజున మాత్రం రెండు వీధుల్లో ఎవరూ తలుపు వేసుకోలేదు. ఒకసారి తెరిచాక, చాలా ఏళ్లకైనా, తక్కిన పనులకూ ఆ తలుపులు తెరుచుకున్నాయి.

మూడో పరీక్షలో, పాకలో ఉన్నవి తప్ప, ఊళ్లోని ఒక్క ఆవుకూ వాపు రాలేదు. చివరి ఆవు మెడ మీద నుంచి చేయి తీసి, "ఏమీ లేదక్కా" అన్నాను. ఆమె తన కొట్టంలోని ఆవులన్నిటికీ కొమ్ములకు పసుపు పూసి, కట్లు విప్పింది. పై వీధిలో కూడా విప్పారు. నెలల తర్వాత దూడలతో సహా రెండు వీధుల మందలూ ఒకేసారి రోడ్డెక్కి కలిసిపోయాయి. ఎదురుగా జమ్మలమడుగు బస్సు వచ్చింది. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టి, ఇంజను ఆపేసి, కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూ కూర్చున్నాడు. దూడలు బస్సుకు అటూ ఇటూ తోకలెత్తి పరుగెత్తుతున్నాయి. ఎర్రటి దుమ్ము లేచింది. ఆ దుమ్ములో ఆవులక్క, కొంగు నడుముకు చెక్కుకుని, చేతిలో కట్టె కూడా లేకుండా, నడిరోడ్డు మీద నడిచిపోతూ ఉంది.