ఓట్ల దినాల్లో నా చాట

నేను ఎమ్మెల్యేకు పోటీ చేశానంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. నమ్మకపోతే పోనీ. మా వీధి గోడ మీద నా గుర్తు చాలా కాలం చెరగకుండా ఉంది. గెలిచినవాళ్ల రాతల మీద మరుసటి ఎన్నికలకు సున్నం కొడతారు, ఓడినవాళ్ల రాతలను ఎవరూ పట్టించుకోరు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. సిరిసిల్లలో మా వాడ మగవాళ్లకు సాంచెల పని, అంటే కరెంటు మగ్గాల మీద బట్ట నేయడం. ఆడవాళ్లకు బీడీల పని. రోడ్డు మీద వంటావార్పు అని పిలుపు వస్తే పొయ్యిలు, గిన్నెలు మోసుకుపోయేది మేమే. వండేది మేమే, వడ్డించేది మేమే, తిని మాట్లాడేది మాత్రం మగవాళ్లు. ఒకరోజు చేతులు కడుక్కుని వేదిక దగ్గరికి పోయి, "నాకు గూడ మైకు ఇయ్యిండ్రి, ఒక్క మాట చెప్త" అన్నాను. మైకు పట్టుకున్న పెద్దమనిషి నవ్వాడు.

"గంతగనం మాట్లాడాలని ఉంటె ఎమ్మెల్యేకు నిలబడు."

చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎన్నికలు రాగానే పోయి నామినేషన్ వేశాను. తెలంగాణ రావాలని నాకూ ఉంది. వచ్చిన తెలంగాణలో మైకు నా చేతికీ అందాలన్నదే నా పట్టుదల.

మా ఆయన అన్నం కలుపుకుంటూ ఈ కబురు విన్నాడు.

"గెలుస్తవా?"

"గెలువ."

"మరెందుకే?"

"నిలబడుమన్నడు, నిలబడ్డ."

ఆయన ఇంకో ముద్ద కలుపుకున్నాడు. వద్దనలేదు. ఆ మాత్రం మగవాడు దొరకడం నా అదృష్టమే.

అసలు చిక్కు బీడీల కార్ఖానాలో వచ్చింది. మాకు ఆకు, తంబాకు ఇచ్చి, చేసిన బీడీలు తీసుకునే టేకేదారు ముందే చెప్పేశాడు. "చెల్లె, ప్రచారం చేసుకో, నాకేం అడ్డం లేదు. గని రోజూ బీడీలు రావాలె. రాకుంటె కంపెనోళ్లు కార్డు తీసేస్తరు. గది నా చేతుల లేదు." మా బతుకులో కార్డు చిన్న విషయం కాదు. పీఎఫ్ దాని మీదే, దవాఖానా దాని మీదే. చిన్నప్పుడు జడ వేసుకోవడం కన్నా ముందు బీడీ చేయడం నేర్చుకున్నదాన్ని, ఆ కార్డు కోసం ఎన్నేళ్లు తిరిగానో నాకు తెలుసు. పొద్దంతా ఊళ్లు తిరిగితే బీడీలు ఎవరు చేస్తారు?

మా వాడలో ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా కానుపైనా, ఇంట్లో చావు జరిగినా, మిగతా ఆడవాళ్లు తాము ఒళ్లో పెట్టుకుని పనిచేసే చాటల్లోంచి ఇన్నిన్ని బీడీలు తీసి ఆమె గంపలో వేస్తారు. ఆమె మళ్లీ కూర్చోగలిగేదాకా కార్డు పోకుండా చూస్తారు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పుకోరు. ఎదురింటి అవ్వ ఆ పద్ధతినే నాకూ వర్తింపజేయాలని వాడకట్టు నడుమ నిలబడి అడిగింది. అందరికన్నా ముందు లేచింది మా యారాలు, నా భర్త అన్న భార్య.

"కానుపుకు పెడ్తం, సావుకు పెడ్తం. ఓట్లకు పెట్టుడు యాడనన్న ఉన్నదా? నా కొడుకు తెలంగాణ కోసం దెబ్బలు తిని కేసులల్ల తిరుగుతుండు. ఇది ఓట్లు చీల్చ నిలబడ్డది!"

అంతమందిలో అన్నది. మా ఇద్దరిదీ ఒకటే వాకిలి, పక్కపక్కన కూర్చుని బీడీలు చేసినవాళ్లం. ఆమెది పుర్రచెయ్యి, ఎడమ చేత్తో చుడుతుంది. అందరి బీడీలకు ఆకు ఒక వైపు చుట్టుకుంటే ఆమె బీడీకి రెండో వైపు చుట్టుకుంటుంది. "నీ బీడీ తాగినోడు ఇంటికి పోతాంటె కాళ్లు ఎనుకకు పోతయక్కా" అని నేను ఆటపట్టిస్తే, చాట కదిలేలా నవ్వేది. ఆ రోజు నుంచి నన్ను చూస్తే మొహం తిప్పుకునేది. పెద్దమనిషి నవ్వు నన్ను నిలబెట్టింది, యారాలి మాట మాత్రం కూలేసింది. అయినా తెల్లారి ప్రచారానికి బయలుదేరాను. వెనక్కి తగ్గితే ఆ నవ్వు నిజమవుతుంది కదా.

కోరుట్ల నుంచి మా చెల్లెలు బస్సెక్కి వచ్చింది. ఇక్కడ ఆమెకు ఓటు లేదు గానీ నోరుంది. నాకు వచ్చిన గుర్తు క్రికెట్ బ్యాటు. ఒక ముసలామె ఆ బొమ్మ ఉన్న కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బట్టలుతికే కట్టెకు పిడి మంచిగనే పెట్టిండ్రు" అన్నది. మేమూ కాదనలేదు. ఇంటింటికీ కుంకుమ భరిణె పట్టుకుపోయి, పెళ్లికి పిలిచినట్టే ఆడవాళ్లకు బొట్టు పెట్టి ఓటడిగాం. ఎక్కడా మంచినీళ్లు ఇవ్వకుండా పంపలేదు. తంగళ్ళపల్లిలో ఒకావిడ నా కాళ్లకున్న దుమ్ము చూసి చెంబుతో నీళ్లు పోసి, "ఓటు మాత్రం నీకెయ్య బిడ్డా, ఉద్యమానికేస్త" అన్నది. అంత నిజం చెప్పినందుకు ఆమెకు దండం పెట్టాను.

సాంచెల షెడ్లలోకి పోతే ఇంకో కష్టం. ఆ మోతలో నా మాట నాకే వినబడదు. పెద్ద నాయకులు వస్తే సాంచెలు ఆపిస్తారు, ఆపినంతసేపు కార్మికుడి బట్ట ఆగుతుంది. నేను ఆపించలేదు. మా ఆయన నేర్పినట్టు, నోరు పెద్దగా తెరిచి, మెల్లగా మాట్లాడాను. అక్కడివాళ్లు మాట వినరు, పెదవులు చూస్తారు. ఒకతను గోడ మీది తెలంగాణ పటం వైపు వేలు చూపించి, తర్వాత నాకు రెండు చేతులెత్తి మొక్కాడు. ఓటు అటు, దండం నీకు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఆ రోజుల్లో నా బీడీలు కార్ఖానాకు పోతూనే ఉన్నాయి. వాడలో వాళ్లు తెచ్చి వేసిన బీడీల గంప మీద బట్ట కప్పి, సాయంత్రాలు అవ్వే తీసుకుపోయేది. "ఎవలెవలు పెడ్తున్నరవ్వా?" అంటే, "ఎవలైతె నీకేంది, నీ పని నువ్వు చూస్కో" అనేది. యారాలు తప్ప మిగతావాళ్లంతా అనుకున్నాను. అనుకున్నప్పుడల్లా గుండెలో ముల్లు కదిలినట్టుండేది.

లెక్కింపు రోజు అనుకున్నదే అయింది. ఉద్యమం గెలిచింది, నా డిపాజిట్ పోయింది. బయట అందరూ గులాలు చల్లుకుంటుంటే నా మీదా పడింది. తుడుచుకోలేదు. అది నా గెలుపు కూడా, కాకపోతే నా పేరు మీద రాలేదు.

మర్నాడు అవ్వ గంప తెచ్చి నా గడప మీద పెట్టింది. "ఇయ్యాల్టి సంది నువ్వే తీస్కపో." తలవంచుకుని కార్ఖానాకు పోయాను. టేకేదారు బట్ట తీసి, ఒక కట్ట చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"కార్డుకేం కాలే చెల్లె, ఒక్కనాడు గూడ తప్పలే. గని గీ పుర్రచేతి బీడీలు నీయి గావు గదా?"

నేను కట్ట లాక్కుని చూశాను. ఆకు రెండో వైపు చుట్టుకుని ఉంది.

"ఇయ్యి... ఎప్పటి సంది?"

"మొదటి దినం సంది అస్తున్నయ్. అన్నిట్ల ఎక్కువ గవ్వే."

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. యారాలు వాకిట్లో చాట ముందు కూర్చుని ఉంది. ఎదురుగా నిలబడ్డాను. ఆమె తలెత్తలేదు.

"గన్ని మాటలన్నవ్ గదక్కా! మరెందుకు పెట్టినవ్?"

"ఓటు తెలంగాణకేసిన. గది నా కొడుకు కోసం. నీ కార్డు పోతె నాకేమొస్తదే?"

ఆమె పక్కన కూలబడి, ఇన్నాళ్లూ దాచుకున్న ఏడుపు ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, ఆమెకు చేతకాదు. కత్తెర నా ముందుకు జరిపింది. నేను కళ్లు తుడుచుకుని, నానబెట్టిన ఆకు కత్తిరించడం మొదలుపెట్టాను. నేను కత్తిరించిన ఆకులో ఆమె తంబాకు వేసి చుట్టసాగింది. ఆ పెద్దమనిషి చేతిలోని మైకు నాకు ఆ తర్వాత అందింది, రాష్ట్రమూ వచ్చింది. కానీ నా బతుకులో ఎవరైనా నాకు పట్టం కట్టారంటే ఆ వాకిట్లోనే.

చివరికి యారాలే అడిగింది.

"మల్ల నిలబడ్తవా?"

"నిలబడ్త."

"గట్లయితె ముందుగాల చెప్పు," అన్నది చాటలోంచి తలెత్తకుండానే. "ఆకు ఎక్కువ నానవెట్టుకోవాలె."