పర్మిట్టులో నేను దాచిన పేరు

పదిహేను రోజుల్లో నెల్లూరు పోలీసు ఆఫీసుకు వచ్చి నేనెవరో రుజువు చేసుకోవాలి, లేకుంటే ఈ దేశం విడిచి వెళ్ళాలి అని కాగితం వచ్చినప్పుడు నా చిన్నబిడ్డకు ఇంకా పాలు మాన్పించలేదు సహోదరీ సహోదరులారా! వెళ్ళవలసింది నేనొక్కదాన్నే. నా భర్త ఈ దేశస్థుడు, నా బిడ్డలిద్దరూ తండ్రిని బట్టి ఈ దేశస్థులే, నేనే పరదేశిని. ఆ కాగితం చేతిలో పట్టుకొని వాకిట్లో ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు, పొయ్యి మీద అన్నం మాడి ఇల్లంతా పొగ కమ్మినా నాకు వాసన తగలలేదు. అటువంటి చీకటి నుండి దేవుడు నన్ను ఎలా బయటికి తెచ్చాడో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మహిమ అంతా ఆయనదే!

నేను బర్మాలో రంగూను దగ్గర ఒక బియ్యం మిల్లు కూలీలు ఉండే ఇళ్ళ లైనులో పుట్టాను. మా నాన్న నెల్లూరు దగ్గర ముత్తుకూరు నుండి వెళ్ళినవాడు, మా అమ్మ బర్మా ఆమె. నాకు పెట్టిన పేరు మా ఖిన్, కాగితాల్లో కూడా బర్మా దేశస్థురాలిననే రాయించారు. ఆ మిల్లులోనే ఫిట్టరుగా ఉన్న ముత్తుకూరు ఆయనను పెళ్ళి చేసుకొన్నాను. అక్కడి ప్రభుత్వం మిల్లులు తీసుకొన్నాక ఓడెక్కి ఇక్కడికి వచ్చాము. అప్పటి నుండి ఏటేటా నెల్లూరు వెళ్ళి నివాస పర్మిట్టు పొడిగించుకోవాలి.

నాన్న వల్ల తెలుగు మాట వచ్చు గాని అక్షరం రాదు. ముత్తుకూరు గ్రంథాలయంలో పేపరు పెద్ద అక్షరాల మీద వేలు పెట్టి నేర్చుకొన్నాను, రెండేళ్ళలో అక్కడున్న రెండు బీరువాల పుస్తకాలూ చదివేశాను! ఈ ఊరి ఆడవాళ్ళలో నాకంటె ఎక్కువ పుస్తకాలు ఇంటికి తెచ్చుకొన్నవారు లేరంటే గొప్ప చెప్పుకోవడం కాదు, గ్రంథాలయం రిజిస్టరు చూడవచ్చు. ఆ చదువే నన్ను దేవుని వాక్యం దగ్గరికి తెచ్చింది, ఉప్పుటేట్లో బాప్తిస్మం పొంది మార్తమ్మనయ్యాను. మా సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. నీళ్ళలో దిగినవారు పాత పేరు అక్కడే వదిలి రావాలి, మళ్ళీ దాన్ని పలకకూడదు.

ఆ సంవత్సరం పర్మిట్టు గడువు దగ్గర పడినప్పుడు నా భర్త, ఎప్పటిలాగే ఆఫీసు ముందు అర్జీలు రాసే అయ్యవారితో రాయిద్దామన్నాడు. "రెండు బీరువాలు చదివినదాన్ని, ఒకరితో రాయించుకొనేది ఏంది?" అని నేను ఫారం ఇంటికి తెప్పించుకొన్నాను. ఇంగ్లీషు ఫారం! గ్రంథాలయంలో నిఘంటువు ముందు పెట్టుకొని అక్షరం అక్షరం పోల్చి ఒక్కొక్క మాటకు అర్థం చూసుకొంటూ నాలుగు రోజులు కూర్చొని నింపాను. పేరు గడిలో మార్తమ్మ అని రాశాను. కింద 'ఇంతకు ముందు ఉన్న ఇతర పేర్లు' అనే గడి వచ్చింది. దాని అర్థం నాకు బాగా తెలిసింది సహోదరులారా, తెలిసే 'లేవు' అని రాశాను! నీళ్ళలో వదిలిన పేరు మళ్ళీ రాస్తే విశ్వాసం తక్కువైనట్లు అనుకొన్నాను. సంతకం కూడా బర్మా అక్షరాల్లో కాక కొత్తగా నేర్చిన తెలుగులో గుండ్రంగా పెట్టాను. పాత పర్మిట్టు జత చేశాను, అందులో ఫొటో ఉంది గదా, చూసుకొంటారులే అనుకొన్నాను. ఆ ఫొటోలో నేను బర్మా రవిక తొడుక్కొని, జడ ముడి వేసుకొని, ఇప్పటికి సగం బరువున్న పిల్లను. ఒక పేరు మీద పాత పర్మిట్టు, ఇంకో పేరు మీద కొత్త అర్జీ, వేరే సంతకం, పైగా వేరే పేర్లు లేవని నా చేతి రాత! వేరొకతె కాగితం నేను పట్టుకొని తిరుగుతున్నానని వారు అనుమానించారంటే తప్పు వారిది కాదు.

కాగితం సంగతి విని మా అత్త, "మే, ఆ అర్జీలాయన మీదికి తోసెయ్. ఆయనే తప్పు రాసినాడు, నాకేం తెలుసు అని ఏడు. ఆడోళ్ళు ఏడిస్తే ఎవురైనా నమ్ముతారు" అన్నది. నిజం చెబుతున్నాను, ఆ మాట నాకు తియ్యగా తగిలింది! నేనే అబద్ధం రాశానని ఒప్పుకొంటే ఓడెక్కిస్తారేమో, జైలులో పెడతారేమో. పాస్టరుగారి దగ్గరికి పోయి కట్టుబాటు కోసమే అలా రాశానని చెబితే ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకొని, "నీళ్ళలో పాపం వదలమన్నాను గాని తల్లీ, పైకొచ్చి అబద్ధం రాయమన్నానా?" అన్నాడు.

స్త్రీల సమాజం వారు నా కోసం మూడు దినాలు ఉపవాసముండి ప్రార్థించారు. మూడో దినాన నేను గుడిలో బోర్లా పడి, "ప్రభువా, నా చదువును నీకంటె ముందు నడిపించాను, నీ పేరు చెప్పి అబద్ధమాడాను, నన్ను పంపినా ఉంచినా సరే, నా నోట నిజమే రానివ్వు, నా బిడ్డ పాలకు ఏడుస్తుంది తండ్రీ!" అని ఏడ్చాను. లేచేసరికి భయం పోలేదు గాని, ఏం చెప్పాలో తెలిసింది.

నెల్లూరులో నా భర్త బిడ్డలతో వరండాలో ఉండిపోయాడు, నేనూ మా అత్తా లోపలికి వెళ్ళాము. ఆఫీసరుగారు ఫారం చూపి, "ఇది ఎవరు రాసినారమ్మా?" అన్నాడు.

"నేనేనండీ. ఆ గడిలో రాసింది అబద్ధమండీ. నాకు ఇంకో పేరుంది."

ఎందుకు దాచానో అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. తెల్లకాగితం తోసి, "ఆ పేరు మీ బర్మా అక్షరాల్లో రాయి" అన్నాడు. నిరుటి సంతకం తరువాత ఆ అక్షరాలు ముట్టలేదు నేను! మొదటిది వంకర పోయింది. ప్రభువా అని లోలోపల ఒక్క కేక వేసి మళ్ళీ రాస్తే మా అమ్మ నేర్పిన చెయ్యి తిరిగి వచ్చింది, అక్షరాలు ముత్యాల్లా దిగాయి! ఆయన పాత సంతకం పక్కన పెట్టి చాలాసేపు చూసి, "దీన్ని ఎవరైనా నేర్చుకోవచ్చు గదా, పాత పేరుతో నిన్నెరిగినవాళ్ళు ఉండారా?" అన్నాడు.

అప్పుడు మా అత్త ముందుకొచ్చింది. "నేనుండాను గదయ్యా! ఓడ దిగి నా ఇంటికొచ్చిన దినం నించి మాకినా, మాకినా అనే పిలిచినాను. నీళ్ళలో ముంచినాక పాత పేరుతో పిలిచినోళ్ళు ఆదివారం గుడి ఊడవాలని మా పాస్టరయ్య పెట్టినాడు. ఈ ముసిలి నోరు మాట వింటాదా? పదకొండు ఆదివారాలు ఊడిచినానయ్యా! నమ్మకపోతే నా నడుమునడగండి, అదే చెప్తాది."

ఆఫీసంతా గొల్లున నవ్వింది, ఆఫీసరుగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. తరువాత గట్టిగా మందలించి, జరిగింది వాఙ్మూలంగా రాసిమ్మన్నాడు. నేను అక్కడే నిలబడి రెండు పేజీలు కొట్టివేత లేకుండా రాసి ఇచ్చాను. "ఎంత వరకు చదివినావమ్మా?" అని అడిగాడు. "బడి లేదండీ, ముత్తుకూరు గ్రంథాలయమండీ" అన్నాను. ఆ మాట చెప్పినప్పుడు నా తల ఎంత ఎత్తున ఉందో! ఆ తల ఎత్తినవాడు దేవుడే! 'మా ఖిన్ అనబడే మార్తమ్మ' అని రాసి సంవత్సరం పొడిగింపు ముద్ర వేశారు. వరండాలోకి వచ్చి బిడ్డను ఒళ్ళోకి తీసుకొన్నాను, అక్కడే పాలిచ్చాను.

సహోదరీ సహోదరులారా, మార్తమ్మను రక్షించిన దేవుడు అంతకు ముందే మా ఖిన్‌ను మిల్లు లైనులో పోషించాడు, సముద్రం దాటించాడు. ఆయన సిగ్గుపడని పేరును నేనే సిగ్గుపడి దాచాను. మీ పాత దినాలు ఏవైనా ఆయన ముందు దాచి ఉంటే తెచ్చి పెట్టండి, ఆయన తోసివేయడు, నేను సాక్షిని! ఇప్పుడు జువ్వలదిన్నె నుండి, తడ నుండి కూడా బర్మా నుండి వచ్చిన అక్కలు ఫారాలు పట్టుకొని నా దగ్గరికి వస్తున్నారు. మీరూ రండి. ముందు ప్రార్థన చేసుకొందాం, తరువాత నిఘంటువు తీసి మొదటి గడి నుండి చివరి గడి దాకా నిజమే రాద్దాం.