మణికట్టు పట్టు

మొన్న గుంటూరు వెళ్తుంటే ప్రత్తిపాడు దాటాక బస్సు టైరు పంక్చరైంది. అప్పుడే వాన వెలిసింది. దిగి రోడ్డు పక్కకు నాలుగడుగులు వేశానో లేదో, నల్లరేగడి మట్టి చెప్పులకు ముద్దలు ముద్దలుగా పట్టుకుంది. తడిసిన పత్తిచేల మీదుగా ఆ బురద వాసన ముక్కుకు తగిలేసరికి అక్కడే మైలురాయి మీద కూర్చుండిపోయాను. "పెద్దాయనా, ఒంట్లో బాగాలేదా?" అని కండక్టర్ అడిగాడు. బాగానే ఉందన్నాను. అరవై ఏళ్ళుగా ఎవరడిగినా అదే చెబుతున్నాను. ఆ వాసన వస్తే చాలు, నాకు వెంకటస్వామి మాస్టారు గుర్తొస్తారు. ఆయనను ఎరిగినవాళ్ళు ఇప్పుడు పెద్దగా మిగల్లేదు. ఆయన ఎలాంటి మనిషో చెప్పాల్సిన పని నామీద పడింది. ఆయన గురించి చెప్పాలంటే నా గురించి కూడా చెప్పాలి. ఇంత ఆలస్యం అందుకే.

ఆయన మా హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. మంగళగిరిలో మగ్గం నేసే ఇంట్లో పుట్టి, యుద్ధం రోజుల్లో పటాలంలో చేరి, బర్మా అడవుల్లో నడిచి బతికొచ్చినవారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రెండు మూడేళ్ళకు మా ఊరికి వచ్చారు. అంతకుముందు డ్రిల్లంటే మాకు ఎండలో నిలబడి చేతులు పైకెత్తి దించడమే. ఆయన వచ్చిన నెలకే పన్నెండుమందిని ఏరి ఒక జట్టు కట్టారు. ఆదివారాలు డొంకల వెంట, చేలగట్ల వెంట నడిపించేవారు. సెలవులొస్తే కొండల దగ్గరకు తీసుకెళ్ళి, గుడారం వేయించి, రెండు మూడు రోజులు అక్కడే ఉంచేవారు. వంట మాదే, కాపలా మాదే, దారి వెతుక్కోవడమూ మాదే. "చదువు చెప్పవయ్యా అంటే పిల్లల్ని కొండలపాలు చేస్తున్నాడు" అని ఊళ్ళో గొణుక్కునేవారు. ఆయన వినిపించుకునేవారు కాదు.

నన్ను జట్టుకు నాయకుణ్ణి చేశారు. బాగా పరిగెత్తుతానని చేశారనుకుని మురిసిపోయాను. మా నాన్న ఊళ్ళో పెద్ద రైతు, పదిమందికి తీర్పు చెప్పేవాడు. జట్టు నాలుగు రోజులు నిలబడాలంటే అలాంటి ఇంటి పిల్లవాడు ముందుండాలని మాస్టారు లెక్క వేసుకున్నారేమో. మొదటిసారి కొండవీడు ఎక్కిన రోజు నేను అందరికంటే ముందు పైకి చేరి, రాతిగోడ మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను. చాలాసేపటికి మాస్టారు వచ్చారు.

"ఏరా, నీ వెనక ఎవరున్నారు?"

"తెలియదండి. అందరూ వస్తున్నారు."

"చిట్టచివర ఎవడో కాలు బెణికి కూర్చున్నాడు. ఎవడో చూసిరా పో. నువ్వొక్కడివే ఎక్కితే అది నీ సరదా. జట్టు ఇంకా కిందే ఉంది."

తిట్టలేదు, అరవలేదు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. దిగి వెళ్ళి ఆ కుర్రవాణ్ణి భుజం మీద చెయ్యి వేయించుకుని తీసుకొచ్చేసరికి పొద్దు వాలిపోయింది. మాస్టారు ఆఖరి గుక్కెడు నీళ్ళు మా ఇద్దరి కోసం ఉంచారు. తాను తాగలేదు.

ఆ పన్నెండుమందిలో దావీదు అని ఒకడు. ఊరికి పడమర విడిగా ఉండే పల్లె నుంచి వచ్చేవాడు. ఆ పల్లె మనుషులు మా చేలల్లో మిరపకాయలు కోసేవాళ్ళు, మా గడప తొక్కేవాళ్ళు కాదు. దావీదు తండ్రి అబ్రహాం మా దగ్గరే పాలేరు. ఇంటి దగ్గర దావీదుకు ఏదైనా ఇవ్వాలంటే పైనుంచి దోసిట్లో వేసేవాళ్ళం. అది తప్పని నాకు ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు. మాస్టారు వాణ్ణి తన పక్కనే కూర్చోబెట్టుకుని తినేవారు. వాడికి ఎప్పుడూ నవ్వుముఖమే. ముళ్ళకంచె కనబడితే ముందు తాను దూరి, దారి చేసి పిలిచేవాడు.

వాగులు దాటడానికి మాస్టారు మాకు మణికట్టు పట్టు నేర్పారు. నా చెయ్యి నీ మణికట్టును, నీ చెయ్యి నా మణికట్టును పట్టుకోవాలి. "వేళ్ళు తడిస్తే జారతాయి. ఇలా పడితే ఒకడు వదిలినా రెండోవాడి పట్టు ఉంటుంది" అనేవారు. స్కూలు మైదానంలో జంటలుగా నిలబెట్టి లాగించేవారు. ఒకరోజు నాకు దావీదు జత పడ్డాడు. నేను వాడి చొక్కా చెయ్యి పట్టుకున్నాను. వాడూ నా చొక్కా చెయ్యే పట్టుకున్నాడు. మాస్టారు చూశారు. ఏదో అనబోయి ఊరుకున్నారు. ఆ సాయంత్రం ఇంటికెళ్తే, ఎవరో చెప్పినట్టున్నారు, మా అమ్మ బావి దగ్గర నా నెత్తిన నాలుగు చేదల నీళ్ళు గుమ్మరించి గాని లోపలికి రానివ్వలేదు. "వాళ్ళతో ఆడు, పాడు, అంటుకోకు" అన్నాడు నాన్న. సరేనన్నాను.

ఆ ఏడు దసరా సెలవుల్లో కొండ దగ్గర గుడారం వేసి మూడో రోజు తిరిగి వస్తున్నాం. పొద్దుటి నుంచి ముసురు. రేగడిలో అడుగు తీసి అడుగు వేయడమే గగనంగా ఉంది. ఊరికి రెండు మైళ్ళ దూరంలో వాగు ఉంది. వెళ్ళేటప్పుడు మోకాలి లోతు కూడా లేనిది, నడుము దాటి ఎర్రగా పోతోంది. ఇంకా పెరిగేలా ఉందని, ఆగితే రాత్రి ఇక్కడే చిక్కుకుంటామని మాస్టారు దాటిద్దామన్నారు. తాను వాగు మధ్యలో నిలబడ్డారు. నన్ను అవతలి ఒడ్డు దగ్గర, ఒక తుమ్మచెట్టు వేరు పట్టుకుని నిలబడమన్నారు. ఒక్కొక్కణ్ణి ఆయన అందిస్తారు, నేను మణికట్టు పట్టి ఒడ్డుకు లాగాలి. అంతే పని.

పదిమంది వచ్చారు. పదిమందికీ మణికట్టు ఇచ్చాను. ఒడ్డెక్కినవాళ్ళు ఎక్కినట్టే వానకు గట్టు అవతలి చెట్ల కిందికి పోయారు. ఆఖరున దావీదు. మాస్టారు వాణ్ణి నావైపు పంపారు. నేను భుజం మీది తువ్వాలు తీసి దాని కొస వాడి వైపు చాపాను. ఆలోచించి చేయలేదు. ఆలోచించి చేసి ఉంటే బహుశా చెయ్యే చాపేవాణ్ణి. వాడు కూడా ఆలోచించలేదు. తువ్వాలు కొస పట్టుకుని నావైపు చూసి నవ్వాడు. "వాడి చెయ్యి పట్టుకోరా!" అని మాస్టారు వెనక నుంచి అరిచారు. అంతలో నీళ్ళు ఒక్క ఊపు ఊపాయి. తడిసిన గుడ్డ నా అరచేతిలోంచి జారిపోయింది. మాస్టారు వాడి వెంట పడి ఈదారు. చీకటి పడే వేళకు ఒక్కరే తిరిగొచ్చారు.

మర్నాడు పొద్దున్నే దావీదును వెతికి పట్టుకున్నది అబ్రహామే, మైలున్నర దిగువన. చేతులమీద మోసుకొచ్చాడు. తువ్వాలు గురించి ఎవరూ మాట్లాడలేదు. చూసినవాళ్ళం ముగ్గురం: దావీదు పోయాడు, నేను నోరు విప్పలేదు, మాస్టారు నా పేరు ఎత్తలేదు. పైఅధికారులు వచ్చి విచారించినప్పుడు "దాటించమన్నది నేను, పిల్లల్ని నిలబెట్టింది నేను, తప్పు నాది" అని ఆయన రాసిచ్చారు. ఉద్యోగం పోయింది. ఊరు మాత్రం తన తీర్పు తాను చెప్పుకుంది. "అబ్రహాం కొడుకు పిరికివెధవ, బెదిరి పట్టు వదిలేశాడు" అని రచ్చబండ దగ్గర మా నాన్న అనడం నేను విన్నాను. అక్కడే ఉన్నాను. తల దించుకుని విన్నాను.

మాస్టారు ఊరు విడిచి వెళ్ళే రోజు బస్సు దగ్గరకు పరిగెత్తాను. ఆయన చేతిలో ఒక రేకు పెట్టె.

"నా పేరెందుకు చెప్పలేదండీ?" అన్నాను ఏడుస్తూ.

"మైదానంలో ఆ రోజు నువ్వు వాడి చొక్కా పట్టుకున్నావు. చూసి కూడా, మెల్లగా నువ్వే మారతావులే అని ఊరుకున్నాను. అది నా తప్పు. నాది నేను చెప్పాను. నీది నీ దగ్గరే ఉంది. అది నేను చెప్పకూడదురా." బస్సెక్కి, కిటికీలోంచి మళ్ళీ అన్నారు. "అబ్రహాముకు చెప్పు."

చెప్పలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ తొమ్మిదేళ్ళు గడిపాను. చదువు, గుంటూరులో ఉద్యోగం, పెళ్ళి అన్నీ అయ్యాయి. ఒకసారి పనిమీద మంగళగిరి వెళ్ళి ఆయన ఇల్లు వెతుక్కున్నాను. గుంటమగ్గంలో కూర్చుని చీర నేస్తున్నారు. మనిషి చిక్కిపోయారు. కుశలం అడగకుండానే "చెప్పావా?" అన్నారు. లేదన్నాను. ఆయన తల వంచుకుని మళ్ళీ నేతలో పడ్డారు. గంటసేపు అరుగుమీద కూర్చున్నాను. మజ్జిగ మాత్రం ఇప్పించారు. ఆ ఏడాదే పోయారని తర్వాత తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు బయలుదేరాను అబ్రహాం దగ్గరకు.

నేను పల్లెలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. అబ్రహాం కంగారుపడి నులకమంచం వాల్చాడు. నిలబడే అంతా చెప్పాను. చెయ్యి ఇవ్వలేదని, తువ్వాలు ఇచ్చానని, అది నా చేతిలోంచే జారిందని.

"నాకు తెలుసు బాబూ. ఆడి పిడికిలి ఇప్పింది నేనే గదా. అందులో మీ తువ్వాలు ఉంది. మనింటిది కాదురా అని బయటికి తీసి అక్కడే పాతిపెట్టాను. చూపిస్తే ఎవరు నమ్ముతారు, మా బతుకులేం గావాలి?"

క్షమించమన్నాను.

"ఒక్కటి చేయండి బాబూ. మావోడు బెదిరి వదిలేశాడని ఊరంతా అంటన్నారు. ఆళ్ళమ్మ ఆ మాట ఇంటానే పోయింది. ఆడు వదల్లేదని రచ్చబండ కాడ ఒక్కసారి చెప్పండి. మీరు చెబితే ఇంటారు."

చెబుతానన్నాను. మాట ఇచ్చి తిన్నగా ఊళ్ళోకి వచ్చాను. రచ్చబండ మీద మా నాన్న నలుగురితో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, మావాడు గుంటూరులో ఆఫీసరు అని గర్వంగా వాళ్ళకు చూపించాడు. నేను నవ్వి, నమస్కారం పెట్టి, ఇంటికి వెళ్ళిపోయాను. రెండేళ్ళకు అబ్రహాం పోయాడు. తర్వాత నాన్న పోయాడు. ఆ తర్వాత చెప్పడానికి నాకు అడ్డం ఎవరూ లేరు, అయినా చెప్పలేదు. మాస్టారు ఏరికోరి నాయకుణ్ణి చేసిన మనిషిని నేను.

మా ఊరివాళ్ళు ఎవరైనా ఇది చదివితే పదిమందిలో పైకి చదవండి. దావీదు బెదరలేదు. ఆఖరిదాకా పట్టు వదల్లేదు. వదిలింది నేను.